90 రోజుల్లో మార్కు సువార్త రాసే పుస్తకం: నాకు 141 రోజులు పట్టింది

దీన్ని మా అమ్మాయి ఆన్‌లైన్లో చూసి తెప్పించింది. వెల 599 రూపాయలు. మార్కు సువార్త మొత్తాన్ని రోజుకి ఏడెనిమిది వచనాల చొప్పున 90 రోజుల్లో మన చేత్తో మనం రాసుకోవడానికి చేసిన బౌండు పుస్తకం. కుడి పేజీ రాయడానికి, ఎడమ పేజీ మన ఆలోచనలకి. మెరూన్ రంగు అట్ట, దాని మీద బంగారు రంగులో ‘వాక్యం’ అన్న అక్షరాలు. ఆ బంగారం గుడ్‌ఫ్రైడే లోపలే నా అరచేతికి అంటుకుపోయింది. ఇప్పుడు అట్ట మీద ‘వా’ ఒక్కటే మిగిలింది.

కాగితం గురించి మాట్లాడే అర్హత నాకు కొంచెం ఉందనుకుంటాను. భీమవరం దగ్గర ఒక ఊళ్ళో సహకార సొసైటీలో 31 ఏళ్ళు గుమాస్తాగా చేశాను. అందులో 20 ఏళ్ళకి పైగా లెడ్జర్లు, డేబుక్కులు చేత్తోనే రాశాను. కంప్యూటర్లు వచ్చాక ఈ చేతికి సంతకం తప్ప పని లేకుండా పోయింది. రిటైరయ్యాక అదీ లేదు. నాన్నా, నీ రాత పాడైపోతోంది అని మా అమ్మాయి దీన్ని కొనిపెట్టింది. దాని ఉద్దేశం అంతవరకే.

2025 మార్చి 5, భస్మ బుధవారం నాడు మొదలుపెట్టాను. మాది లూథరన్ సంఘం, భస్మ బుధవారంతో మొదలై ఈస్టరు దాకా సాగే శ్రమకాలం వచ్చిందంటే ఏదో ఒకటి పట్టుకోవాలి. మాంసం మానేస్తాను, బుధవారం ధ్యానాలకి వెళ్తాను, మట్టల ఆదివారం దాకా నెట్టుకొస్తాను. చిన్నప్పటినుంచీ ఇదే వరస. ఈసారి రాద్దామనుకున్నాను.

మూడో రోజుకే మొదటి చిక్కు. ‘శాస్త్రులు’ అన్న మాట రాశాను. స కింద త, దాని పక్కన ర. ఆ వత్తులు కిందికి దిగి తర్వాతి గీతలో ఉన్న మాట నెత్తిన కూర్చున్నాయి. స్కేలు పెట్టి కొలిస్తే గీతకీ గీతకీ మధ్య 7 మిల్లీమీటర్లు. ఇంగ్లీషు అక్షరాలకి అది సరిపోతుంది. తెలుగుకి పైన గుడులు, దీర్ఘాలు, కింద వత్తులు. మన అక్షరానికి మేడా కావాలి, నేలమాళిగా కావాలి. ఎవరో ఇంగ్లీషు నోట్‌బుక్కు కొలతలు తెచ్చి అట్ట మీద తెలుగు మాట అచ్చేసి అమ్ముతున్నారని అక్కడే అర్థమైంది. పైగా కుడి పేజీలో 20 గీతలే. పాత అనువాదంలో ఎనిమిది వచనాలంటే నా రాతకి ఎంత లేదన్నా 30 గీతలు కావాలి. నేనేం చేశానంటే, సొసైటీలో వోచరుకి అతుకు అంటించినట్టు విడి కాగితం మీద మిగతాది రాసి, అంచుకి జిగురు రాసి అంటించాను. ఇప్పుడా పుస్తకం ఉబ్బి పాత పద్దుల పుస్తకంలా ఉంది. నాకైతే అదే బాగుంది, అది వేరే సంగతి.

రెండోది కాగితం. 100 జీఎస్‌ఎం అని రాశారు, అంటే చదరపు మీటరు కాగితం 100 గ్రాముల బరువని. షీటు చివర పట్టుకుని విదిలిస్తే వచ్చే చప్పుడు బట్టి నేను 70 అంటాను. మా నాన్నగారి రత్నం పెన్ను ఒకటి నా దగ్గరుంది. రాజమండ్రిలో 1932 నుంచీ పెన్నులు చేస్తున్న ఇల్లు అది. నల్లటి ఎబొనైట్ పెన్ను, పాళీ ఇప్పటికీ వెన్నలా నడుస్తుంది. దాంతో రాస్తే ఈ కాగితంలో సిరా చీమకాళ్ళలా పాకింది, వెనక్కి కూడా దిగింది. జెల్ పెన్నుతో అయితే ఆరకముందే చెయ్యి తగిలి పులుముకుపోయింది. చివరికి మామూలు బాల్‌పెన్నుకి దిగాను. 599 పుచ్చుకున్నవాళ్ళు సిరాకి తట్టుకునే కాగితం వెయ్యాలి.

ఇక ఎడమ పేజీ. ప్రతి ఎడమ పేజీకి పైన ఒక ప్రశ్న అచ్చేశారు. ‘ఈ వాక్యము మీ హృదయమునకు ఎలా మాట్లాడుచున్నది?’ ఇది తెలుగా? హృదయమునకు ఎలా మాట్లాడుతుందండీ? 90 పేజీల్లోనూ అదే ప్రశ్న. వారం రోజులు దానికి బుద్ధిమంతుడిలా జవాబులు రాశాను. తిప్పి చూస్తే ఏడు జవాబులూ ఒకటే: దేవుని మీద ఆధారపడాలి, ఇంకా ఎక్కువగా ప్రార్థించాలి. ఆదివారం సాక్ష్యం చెప్పమంటే మైకు పట్టుకుని చెప్పే మాటలే. చదవకుండా కూడా రాసెయ్యొచ్చు ఆ జవాబులు.

ఎనిమిదో రోజున రూలుకర్ర పెట్టి ఆ ప్రశ్న కొట్టేశాను. దాని కింద లెడ్జర్లో ఆఖరి గడికి రాసినట్టు ‘రిమార్కులు’ అని రాశాను. నియమం ఒక్కటే పెట్టుకున్నాను. నాకు ముందే తెలిసినది అక్కడ రాయకూడదు. ఇన్నాళ్ళూ ఎన్నోసార్లు చదివినా కంటపడనిది ఏదైనా ఇవాళ కనబడితే రాయాలి, లేకపోతే ‘నిల్’ అని రాసి తేదీ వెయ్యాలి.

ఈ పుస్తకం గురించి నేను చెప్పాలనుకున్నది నిజానికి ఇక్కడినుంచి మొదలవుతుంది.

సండేస్కూలు నుంచీ కంఠత వాక్యాలు అప్పజెప్పినవాణ్ణి. బైబిలు చదువుతుంటే కన్ను ముందుకి జారిపోతుంది, తర్వాత ఏముందో నోటికి తెలుసు కాబట్టి. చెయ్యి అలా జారదు. మాట మాటకీ ఆగాలి. 20వ రోజున తుఫాను రాస్తున్నాను. పడవలో యేసుప్రభువు నిద్రపోతున్నాడు. అమరమున, అంటే పడవ వెనక భాగంలో, తలగడ మీద. తలగడ! తుఫాను మీద ఎన్ని ప్రసంగాలు విన్నాను, తలగడ సంగతి ఎవరూ చెప్పినట్టు గుర్తులేదు. ఇదే కథ ఉన్న మత్తయి సువార్తలో తీసి చూశాను, లూకా సువార్తలో చూశాను, లేదు. మార్కు ఒక్కడే రాశాడు. ఎవరో ఆ పడవలో ఉండి, నీళ్ళు లోపలికి వస్తున్న గాభరాలో కూడా తలగడని చూసినట్టుంది. మా మనవరాలికి చెబితే అది నా రిమార్కుల పేజీలో ఒక తలగడ బొమ్మ గీసింది, గళ్ళ గలేబుతో సహా. అలాగే ఐదువేలమందికి పెట్టిన రోజు వాళ్ళు పచ్చిక మీద కూర్చున్నారు. కటిక ఎండలో రాళ్ళ నేల మీద కూర్చున్నట్టే నేను ఇన్నాళ్ళూ ఊహించుకున్నాను. ఆ బొమ్మ నా బుర్రలోకి ఎక్కడినుంచి వచ్చిందో.

52వ రోజుది ఇంకో రకం. నేను తప్పు రాసి దొరికిపోయిన రోజు. నిత్యజీవం కోసం ఏం చెయ్యాలని అడిగిన ధనవంతుడి కథ, పదో అధ్యాయంలో. పుస్తకంలోకి చూడకుండా చకచకా రాసేస్తున్నాను, ‘యౌవనుడు’ అని పడిపోయింది. సరిచూద్దును కదా, మార్కులో యౌవనుడు లేడు. ‘ఒకడు’ అని మాత్రమే ఉంది, ఒకడు పరుగెత్తుకొచ్చి మోకాళ్ళూనాడు. యౌవనుడన్నది మత్తయి మాట, అధికారి అన్నది లూకా మాట. మూడు ఖాతాలు కలిపేసి మనం ధనవంతుడైన యౌవన అధికారి అనే మనిషిని తయారుచేసుకున్నాం. 15 ఏళ్ళు సండేస్కూల్లో మార్కు పదో అధ్యాయం తెరిచి పెట్టుకుని నేను యౌవనుడి కథే చెప్పాను. గుమాస్తాగా చెబుతున్నా, ఒక ఖాతాలో పద్దు ఇంకో ఖాతాకి రాస్తే ఆడిటర్ ఊరుకోడు.

అంతకంటే పెద్దది, ఆ కొట్టివేత దగ్గర ఆగిపోవడం వల్ల కనబడింది. యేసు అతన్ని చూసి, అతన్ని ప్రేమించి, అప్పుడు అమ్మేయమని చెప్పాడు. ఆ ‘ప్రేమించి’ అన్న మాట మిగతా ఇద్దరిలో లేదు. నేను ఆ కథని ఎప్పుడూ కోప్పడే గొంతుతో చెప్పేవాణ్ణి. డబ్బు పిచ్చివాడా, వెళ్ళిపోయావా అన్నట్టు. పిల్లల ముందు వేలు కూడా ఊపేవాణ్ణి. ఆరోజు రిమార్కుల్లో ‘నా గొంతు తప్పు’ అని రాసి సంతకం పెట్టాను. సంతకం ఎందుకు పెట్టానో తెలీదు, అలవాటు.

మా పక్కింటి మావయ్యగారు రోజూ పొద్దున నేను అరుగు మీద కూర్చుని రాయడం చూసి, “ఏవండీ, మీకూ రామకోటి ఉందా?” అన్నారు. ఆయన రామకోటి రాస్తారు. నేను నవ్వేశాను గానీ ఆ మాట నాలో ఉండిపోయింది. మా సంఘంలో కూడా ఒకరిద్దరు, ఇది క్రియల వల్ల రక్షణ, అంటే మనం చేసే పనుల వల్లే మోక్షం అన్నట్టు అవుతుందేమోనని సణిగారు. ద్వితీయోపదేశకాండం 17లో రాజైనవాడు ధర్మశాస్త్రానికి ఒక ప్రతి తనకోసం రాసుకోవాలనీ, బతికినన్నాళ్ళూ దాన్ని చదవాలనీ ఉంది. చూపించాను. ఇంకోటి కూడా చెప్పాను. తెలుగు బైబిలు మనకి అచ్చులోకి ఊరికే రాలేదు. జర్మన్ మిషనరీ బెంజమిన్ షుల్జ్ 1727కే కొత్త నిబంధన తెలుగు చేస్తే అది చేతిరాత ప్రతిగానే ఉండిపోయింది. తర్వాత విశాఖపట్నంలో డెగ్రాంజెస్ దొరగారు, ఆనందరాయరు అనే తెలుగాయన కూర్చుని తర్జుమా చేసిన మత్తయి, మార్కు, లూకా 1812లో బెంగాల్లోని సేరంపూర్లో అచ్చయ్యాయి. అంటే ఆ అచ్చయిన మార్కు కూడా ముందు మన విశాఖలో ఎవరో తెలుగు చెయ్యి సిరాలో ముంచి రాసినదే. ఈ మాటకి సణుగుడు ఆగిందని చెప్పను, కాఫీలు వచ్చాయి కాబట్టి ఆగింది.

మావయ్యగారు మాత్రం నా పుస్తకం చేతిలోకి తీసుకుని కాగితం వేళ్ళతో నలిపి చూసి, “దీనికి 599 పెట్టారా!” అని మా ఆవిడ వైపు జాలిగా చూశారు.

ఇప్పుడు ఈ పుస్తకంలో ఉన్న అతిపెద్ద లోపం, దానివల్లే నాకు దక్కిన లాభం. వచనాలని రోజులకి పంచినవాళ్ళు కథ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చూడలేదు. మార్కులో 678 వచనాలు, 90తో భాగిస్తే ఏడున్నర, కోసెయ్. అంతే. ఐదో అధ్యాయంలో యాయీరు కథ ఇలా మూడు ముక్కలైంది. కూతురు చావుబతుకుల్లో ఉంది రమ్మని బతిమాలుతాడు, ప్రభువు బయలుదేరతాడు. మధ్యలో 12 ఏళ్ళుగా రక్తస్రావంతో ఉన్న స్త్రీ వచ్చి వస్త్రం ముట్టుకుంటుంది. ఆయన ఆగిపోతాడు, ఎవరు ముట్టుకున్నారని చూస్తాడు, ఆమె చెప్పేదంతా వింటాడు. 25వ రోజు పేజీ సరిగ్గా 35వ వచనం దగ్గర ముగిసింది. నీ కుమార్తె చనిపోయింది, ఇంకా బోధకుణ్ణి ఎందుకు శ్రమపెడతావు అని ఇంటినుంచి మనుషులు వచ్చి చెప్పిన చోట. ఇదేం కోత అని తిట్టుకుంటూ పెన్ను మూశాను.

ఆ సాయంత్రమే మా అత్తగారు స్నానాలగదిలో జారి పడ్డారు. తుంటి ఎముక. ఏలూరు ఆస్పత్రికి తీసుకెళ్ళాం. మర్నాడు పొద్దున తొమ్మిదికి ఆపరేషన్ అన్నారు. తొమ్మిదికి ఒక యాక్సిడెంట్ కేసు వచ్చింది, థియేటర్లోకి వాళ్ళని తీసుకెళ్ళారు. తర్వాత ఇంకెవరో. మేం సాయంత్రం దాకా వరండాలో కూర్చున్నాం. మా బావమరిది కౌంటర్ దగ్గర గొడవకి దిగాడు, నేనూ రెండు మాటలు గట్టిగానే అన్నాను. మా ఆవిడ బెంచీ చివర కూర్చుని ఒక్క మాట మాట్లాడలేదు, తలుపు వైపే చూస్తోంది.

అప్పుడు గుర్తొచ్చింది, యాయీరుని ఆ పుస్తకంలో అలాగే వదిలేసి వచ్చానని. ఆ స్త్రీ కోసం ప్రభువు ఆగినంతసేపూ యాయీరు పక్కనే నిలబడి ఉన్నాడు కదా. ఏమన్నాడు? ఫోన్లో బైబిలు తీసి వెతికాను. ఒక్క మాట లేదు. మొదట బతిమాలాక యాయీరు నోట మళ్ళీ మాట రాయలేదు మార్కు. ముందు నా కూతురు అనలేదు, ఈవిడకి 12 ఏళ్ళ నుంచీ ఉన్న జబ్బే కదా రేపు చూడకూడదా అనలేదు. అన్నాడేమో, రాయలేదేమో. ఎన్నిసార్లు విన్నాను ఈ కథ! ప్రతిసారీ ఆ స్త్రీ పక్కన నిలబడి విన్నాను, యాయీరు పక్కన ఎప్పుడూ నిలబడలేదు.

అత్తగారి ఆపరేషన్ రాత్రి ఏడింటికి అయింది. ఆరు రోజులు ఆస్పత్రిలోనే. ఇప్పుడు వాకర్ పట్టుకుని నడుస్తున్నారు, కూరలో ఉప్పు ఎక్కువైందని అంటున్నారు, అంటే బాగున్నారన్నమాట. ఇంటికొచ్చాక 26వ రోజు పేజీ తెరిచాను. మొదటి వచనం: భయపడకుము, నమ్మిక మాత్రముంచుము. ఇది మా ఇంట్లో హాల్లో ఫ్రేము కట్టి ఉంది. పెళ్ళికి ఎవరో ఇచ్చారు. ఆటోల వెనక చూశాను, క్యాలెండర్ల మీద చూశాను. ఎవరితో ఎప్పుడు అన్న మాటో పట్టించుకోకుండా ఇన్నేళ్ళు దాని కింద కూర్చుని భోంచేశాను. దారిలో ఆలస్యమై, ఆలస్యం వల్లే అంతా అయిపోయిందని అప్పుడే విన్న తండ్రితో అన్న మాట అది. ఆ పేజీ చివర ఇంకో రెండు రిమార్కులున్నాయి. ఆ అమ్మాయి వయసు కూడా 12 ఏళ్ళే, రెండు పన్నెండ్లకీ టిక్కు పెట్టాను. చనిపోయిన ఆ పిల్లని లేపాక తినడానికి ఏమైనా పెట్టమన్నాడు. అంత అద్భుతం జరిగిన గదిలో పిల్లకి ఆకలేస్తుందని ఆయనకే గుర్తుంది.

కోత సరిగ్గా ఉండి, కథంతా ఒకేరోజు రాసేసి ఉంటే ఇదేదీ జరిగేది కాదు. అలాగని దీన్ని ఆ కంపెనీవాళ్ళ గొప్పతనంగా లెక్కెయ్యను.

వాళ్ళ సర్వీసు ఎలాంటిదో ఇంకో ముక్కలో చెబుతాను. 57 నుంచి 60 రోజుల పేజీలు ఉన్న ఫారం, అంటే కలిపి కుట్టే కాగితాల మడత, తలకిందులుగా కుట్టారు. ఫొటో తీసి పంపితే క్షమించండి అంటూ ఒక పీడీఎఫ్ వాట్సాప్‌లో పంపారు. నేను రాయాల్సింది కాగితం మీదయితే నాకు పీడీఎఫ్ ఎందుకు? పుస్తకం తిరగేసి పట్టుకుని రాశాను. తీరా చూస్తే అందులో పడింది 11వ అధ్యాయం, ప్రభువు దేవాలయంలో రూకలు మార్చేవాళ్ళ బల్లలు పడదోసిన చోటు. “తాతయ్యా, అందుకే పేజీలు కూడా తిరగబడ్డాయి” అంది మా మనవరాలు. ఈ మొత్తం రివ్యూలో తెలివైన మాట అదే.

ఇదంతా చదివి రోజూ ఏదో ఒకటి కనబడుతుందనుకుంటారేమో. లేదు. రిమార్కుల్లో ‘నిల్’లు లెక్కపెట్టాను, 38 ఉన్నాయి. వడ్డీ లెక్కలు వేసినట్టు రాసిన రోజులు అవి. మే నెల ఎండలకి 12 రోజులు పుస్తకం ముట్టలేదు. ఒక ఆదివారం మధ్యాహ్నం బాకీ తీర్చినట్టు ఐదు రోజులవి ఒకేసారి రాసేశాను, ఆ ఐదింటికీ నిల్. చెయ్యి నొప్పి పుట్టి బొటనవేలికి జండూబామ్ రాసుకుని రాసిన రోజులున్నాయి. రాయడం కూడా ప్రార్థనేనా అని మా సంఘం పాస్టరు అయ్యగారిని అడిగాను. “రాస్తున్నప్పుడు మీరు ఎవరితో ఉన్నారో మీకే తెలుస్తుందండీ” అన్నారు. కొన్నిరోజులు నేను నాతోనే ఉన్నాను, ఇంకా ఎన్ని పేజీలున్నాయో లెక్కపెట్టుకుంటూ.

జూలై 23న పూర్తయింది. 90 రోజుల లెక్కన జూన్ మొదట్లో పునరుత్థానం దగ్గరికి చేరాల్సినవాణ్ణి, నాగలి సాళ్ళు పడుతుండగా చేరాను.

కొనాలా వద్దా అంటే: కాగితానికి ఐదుకి ఒకటి, కుట్టుకి ఒకటిన్నర, తెలుగుకి సున్నా. ఎడమ పేజీ ఖాళీగా వదలాలన్న ఆలోచనకి మాత్రం ఐదుకి ఐదు. మొత్తం మీద రెండున్నర. సెల్లులో రోజుకి మూడు అధ్యాయాలు వింటూ ఏడాదికి బైబిలు ముగించేవాళ్ళు కూడా ఒక్క సువార్త చేత్తో ఎక్కించి చూడొచ్చు, దానికి ఈ పుస్తకమే అక్కర్లేదు. చిన్నపిల్లలకి బహుమతిగా ఇవ్వాలనుకుంటే వద్దు, గీతలు మరీ ఇరుకు, విసుగొస్తుంది.

నేను ఇప్పుడు లూకా మొదలుపెట్టాను. భీమవరంలో స్టేషనరీ కొట్లో అకౌంట్ల రిజిస్టరు ఒకటి తీసుకున్నాను, 140 రూపాయలు, కుట్టు గట్టిది, నాన్నగారి పెన్ను సిరా వెనక్కి దిగడం లేదు. గీత వదిలి గీత రాస్తున్నాను, వత్తులకి చోటు సరిపోతోంది. రోజుకి ఇన్నని లెక్క పెట్టుకోలేదు. మొదటి అధ్యాయంలోనే 80 వచనాలున్నాయి, అందులో మూగబోయిన జెకర్యాకి ఇంకా మాట రాలేదు.